‘అనుమతించు’... కానీ ఎవరిని?

మహిళా దినోత్సవం నాడు, 2025 మార్చి 8న, మన మార్కాపురంలోనే ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు ‘శక్తి’ యాప్‌ను ప్రారంభించారు. ఆపదలో చిక్కుకున్న ఆడది ఫోనులో ఒక మీట నొక్కితే పోలీసులకు కబురు అందాలన్నది దాని ఉద్దేశం. కబురు ఒక్కటే అందితే చాలదు, మనిషి ఎక్కడుందో కూడా తెలియాలి కదా! అందుకే ఆ యాప్‌కు మన ‘లొకేషన్’ కావాలి. అది అడగడంలో తప్పు లేదు, మనం ఇవ్వడంలో వెనకాడాల్సిందీ లేదు.

అయితే అదే అనుమతిని, అవే మాటలతో, రేపొక టార్చిలైటు యాప్ అడగొచ్చు. ముక్కూమొహం తెలియని అప్పుల యాప్ అడగొచ్చు. తెర మీద వచ్చే పెట్టె ఒకటే. దాని కింద మీటలూ అవే... అనుమతించు, అనుమతించవద్దు. మరి ఆడపిల్లను కాపాడే యాప్‌కీ, ఆమె పరువు తీసే యాప్‌కీ ఆ పెట్టెలో తేడా ఎక్కడ కనబడుతుంది? ఒక్కచోటే. అడిగేవాడి పేరులో! ఆ పేరే సరిగా కనబడకపోతే, కనబడినా అర్థం కాకపోతే, ఇక మనం దేన్ని చూసి మీట నొక్కాలి?

కంప్యూటర్ల గురించీ, ఫోన్ల గురించీ ఆడవాళ్లకు సలహాలు చెప్పేవాళ్లకు కొదవలేదు. ‘ఏది పడితే అది నొక్కకండమ్మా’ అని పోలీసులు చెబుతారు, బ్యాంకువాళ్లు చెబుతారు, ఇంట్లో పిల్లలూ చెబుతారు. అందరూ ‘ఇవ్వాలా, వద్దా’ అన్న దగ్గరే ఆగిపోతున్నారు. ‘ఎవరికి’ అన్న ప్రశ్న మాత్రం ఎవరూ అడగడం లేదు. నా ఉద్దేశంలో అసలు ప్రశ్న అదే.

ఖాళీ నోటు మీద సంతకం

మన అమ్మమ్మల కాలంలో షావుకారు ఖాళీ ప్రాంసరీ నోటు ముందు పెట్టి ‘ఇక్కడ వేలిముద్ర వెయ్యమ్మా’ అనేవాడు. అప్పిచ్చినవాడి పేరు ఎక్కడుందో, మొత్తం ఎంతో చదివి చెప్పేవాళ్లు ఉండేవాళ్లు కాదు. ఆ తర్వాత అక్షరాస్యత ఉద్యమం వచ్చింది, డ్వాక్రా సంఘాలు వచ్చాయి. మా పశ్చిమ ప్రకాశం పల్లెల్లో పలకల ఫ్యాక్టరీకి కూలికి పోయే ఆడవాళ్లు కూడా సంతకం నేర్చుకున్నారు. తీర్మానం పుస్తకంలో ఏం రాశారో చదివించుకున్నాకే సంతకం పెట్టడం అలవాటు చేసుకున్నారు. అది చిన్న విజయమేమీ కాదు.

ఇప్పుడు చూడండి. అదే ఇంట్లో, అంతో ఇంతో చదువుకున్న కూతురు, కోడలు రోజుకు పదిసార్లు ‘అనుమతించు’ నొక్కుతున్నారు. కెమెరా, మైకు, ఫోన్ నంబర్ల పట్టీ, ఫొటోలు, ఎస్సెమ్మెస్‌లు... అడిగినవన్నీ ఇచ్చేస్తున్నారు. ఇచ్చింది ఎవరికి అంటే మాత్రం జవాబు లేదు. వేలిముద్ర పోయి మళ్లీ వేలిముద్రే వచ్చింది. కాకపోతే ఈసారి సిరా అంటడం లేదు, అంతే!

‘నీ దగ్గర దాచుకోవాల్సింది ఏముందిలే’ అనే మగవాళ్లున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఫోనులో ఉన్న నంబర్ల పట్టీ నా ఒక్కదానిదా? అందులో మా అమ్మ ఉంది, ఆడపడుచు ఉంది, పిల్లల టీచరమ్మ ఉంది, పాలు పోసే ఆవిడ ఉంది. వాళ్లెవరూ నాకు ‘మా నంబరు ఫలానావాడికి ఇవ్వు’ అని చెప్పలేదు. నేను ఒక్కసారి మీట నొక్కితే వాళ్లందరి తరఫునా నొక్కినట్టే. ఇంటి తాళంచెవి ఇచ్చినట్టు కాదిది, వీధిలో అందరి ఇళ్ల తాళంచెవులూ ఇచ్చినట్టు!

అప్పుల యాప్‌లు నేర్పిన పాఠం

ఇది ఊరికే భయపెట్టే మాట కాదని తెలుగునాట మనకు బాగానే తెలుసు. కరోనా రోజుల్లో, 2020 ఆఖరులో, తెలంగాణలో అప్పుల యాప్‌ల వేధింపులకు ప్రాణాలు తీసుకున్నవాళ్ల వార్తలు వరసగా వచ్చాయి. ఆ డిసెంబరు 23న రిజర్వు బ్యాంకు ఇలాంటి యాప్‌లతో జాగ్రత్తగా ఉండమని ప్రజలను హెచ్చరించింది. 2022 సెప్టెంబరులో రాజమహేంద్రవరంలో ఇద్దరు ఆడపిల్లల తల్లిదండ్రులు ఇవే వేధింపులు తట్టుకోలేక చనిపోయారు.

ఈ యాప్‌ల పద్ధతి ఒకటే. అప్పు ఇచ్చే ముందు ఫోన్‌లోని నంబర్లకూ, ఫొటోలకూ అనుమతి అడుగుతాయి. వాయిదా తప్పితే ఆ నంబర్లన్నిటికీ ఫోన్లు చేస్తారు. ఆడవాళ్ల ఫొటోలను అసభ్యంగా మార్చి బంధువులకు పంపిస్తామని బెదిరిస్తారు, పంపించినవాళ్లూ ఉన్నారు. అప్పు తీసుకున్నది ఒకరు, తిట్లు తిన్నది వాళ్ల మేనమామ, మేనత్త, ఆఫీసులో పక్క సీటు మనిషి. అందుకే నంబర్ల పట్టీ సొంత ఆస్తి కాదన్నాను.

ఈ గొడవలో పేరు సంగతి ఎక్కడుందో చూడండి. రిజర్వు బ్యాంకు వేసిన బృందం 2021 నవంబరులో ఇచ్చిన నివేదికలో ఒక లెక్క చెప్పింది. ఆ ఏడాది జనవరి, ఫిబ్రవరి రెండు నెలల్లో 80కి పైగా యాప్ స్టోర్లలో సుమారు 1,100 అప్పుల యాప్‌లు మనదేశంలోని వాళ్లకు దొరుకుతున్నాయనీ, వాటిలో 600 దాకా చట్టవిరుద్ధమైనవనీ తేల్చింది. అంటే సగానికి పైగా దొంగ సరుకే! పేర్లు చూస్తే అన్నీ ‘క్యాష్’, ‘రూపీ’, ‘లోన్’ అనే మాటలు అటూఇటూ మార్చి పెట్టుకున్నవే. అసలు కంపెనీ ఏదో, ఏ ఊళ్లో ఉందో అప్పు తీసుకున్న మనిషికి తెలియదు. స్టేషన్‌కు వెళ్లి ఫిర్యాదు రాద్దామంటే ఎవరి మీద రాయాలి? పేరు లేనివాడి మీద కేసు ఎలా నిలబడుతుంది?

తర్వాత నిబంధనలు వచ్చాయి. 2022 సెప్టెంబరు 2న రిజర్వు బ్యాంకు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అప్పు ఇచ్చే యాప్‌లు ఫోన్‌లోని ఫైళ్లు, ఫొటోలు, నంబర్ల పట్టీ, కాల్ వివరాలు ముట్టుకోకూడదు. కెమెరా, మైకు, లొకేషన్ కూడా మనిషిని గుర్తించే పనికి ఒక్కసారి, అదీ స్పష్టంగా అడిగి తీసుకోవాలి. గూగుల్ కూడా 2023 మే 31 నుంచి తన స్టోర్‌లో ఉండే అప్పుల యాప్‌లు నంబర్లూ ఫొటోలూ చూడకూడదని నిబంధన పెట్టింది. నాకు అన్నిటికన్నా నచ్చింది 2025లో జరిగిన పని. ఏ అప్పుల యాప్ ఏ బ్యాంకుకో, ఏ ఫైనాన్స్ కంపెనీకో చెందిందో చెప్పే జాబితాను రిజర్వు బ్యాంకు ఆ ఏడాది జులైలో తన వెబ్‌సైట్‌లో పెట్టింది. ఆ వివరాలు బ్యాంకులూ కంపెనీలూ ఇచ్చినవే అయినా, యాప్ పేరుకు ఎదురుగా దాని యజమాని పేరు కనబడటం మొదలైంది. ఇన్నేళ్లకు ‘ఎవరు?’ అన్న ప్రశ్నకు ఒక్కచోట జవాబు దొరికింది.

అప్పుల యాప్‌కు దొరికిన ఈ న్యాయం మిగతా యాప్‌లకు ఎందుకు దొరకకూడదు? ముఖ్యంగా ఇంట్లో బల్ల మీద ఉండే కంప్యూటర్‌లో?

ఇంట్లో ల్యాప్‌టాప్ సంగతి

కరోనా తర్వాత మా వైపు చిన్న ఊళ్లలోనూ ల్యాప్‌టాప్‌లు వచ్చి చేరాయి. గిద్దలూరులోనైనా, కంభంలోనైనా ఇంజనీరింగు చదివే పిల్లలున్న ఇంట్లో కొత్తదో పాతదో ఒకటి ఉంటుంది. మూత తెరిస్తే పైన మధ్యలో కన్నులాంటి కెమెరా. అది ఆడపిల్ల పడుకునే గదిలోనే, ఆమె మంచం మీదే ఉంటుంది.

మా వీధిలో మిషను కుట్టే ఒకావిడ కూతురికి సెకండ్‌హ్యాండు ల్యాప్‌టాప్ కొనిచ్చింది. ఒకరోజు మధ్యాహ్నం దాన్ని ఒళ్లో పెట్టుకుని వచ్చింది. ‘అక్కా, ఈ కెమెరా పక్కన బుడ్డ లైటు దానంతటదే ఎలుగుతాంది. లోపల ఎవురన్నా చూస్తా ఉండారేమో ఒకసారి చూడు’ అంది. గొంతులో వణుకు ఉంది. సెట్టింగ్స్ తెరిచి, ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’లోకి వెళ్లి, కెమెరా పేజీ తీశాను. పైన కొన్ని యాప్‌లు, ఒక్కోదానికి ఒక్కో మీట ఉంది, బాగానే ఉంది. కిందికి వచ్చేసరికి ‘డెస్క్‌టాప్ యాప్‌లు’ అని ఒక్క మీట. దాని కింద కెమెరా వాడిన ప్రోగ్రాముల పేర్లు, చివరిసారి వాడిన తేదీ, టైము ఉన్నాయి కానీ విడివిడిగా ఆపే మీటలు లేవు. అందులో ఒక పేరు నాలుగు అక్షరాలు, రెండు అంకెలు, చివర ‘ఈఎక్స్ఈ’ అని ఉంది. బొమ్మ లేదు, కంపెనీ పేరు లేదు.

‘ఎవురిదక్కా ఈ పేరు?’ అందావిడ. నేనేం చెప్పను?

రెండు రోజుల తర్వాత ఆ పిల్ల సీనియర్‌ను అడిగితే తెలిసింది. ఇంట్లో కూర్చుని పరీక్ష రాసేటప్పుడు కాపీ కొట్టకుండా కనిపెట్టి ఉండటానికి కాలేజీవాళ్లు పెట్టించిన సాఫ్ట్‌వేర్‌లో అదొక ముక్కట. పరీక్ష అయిపోయి నెలలు దాటింది. ‘నా పని అయిపోయింది’ అని అది వెళ్లిపోలేదు, ‘ఇక తీసెయ్యండి’ అని పెట్టించినవాళ్లూ చెప్పలేదు. దాన్నొక్కదాన్నే ఆపుదామంటే మీట లేదు. డెస్క్‌టాప్ యాప్‌ల మీట మొత్తం ఆపేస్తే పాఠాలు వినే వీడియో ప్రోగ్రాం కెమెరా కూడా ఆగిపోతుంది. చివరికి ఆ సాఫ్ట్‌వేర్‌నే పూర్తిగా తీసేయించాం. ఆ రెండు రోజులూ ఆ తల్లి ల్యాప్‌టాప్ మీద తువ్వాలు కప్పి బీరువాలో పెట్టింది. పిల్లకు క్లాసులు పోయాయి. ‘ఆడపిల్లకు ఇవన్నీ ఎందుకు, మళ్లీ పుస్తకాలతోనే చదువుకోమను’ అని వాళ్లాయన అననే అన్నాడు.

ఇక్కడే ఉంది అసలు చిక్కు. పేరు స్పష్టంగా లేకపోతే దొంగ ఒక్కడే లాభపడడు. భయం కూడా లాభపడుతుంది. ఆ భయానికి ముందుగా బలయ్యేది ఆడపిల్ల చదువే.

ఎందుకిలా ఉంది?

కంపెనీలవాళ్లకు బుద్ధి లేక ఇలా చేశారని అనేస్తే సరిపోదు, కారణం కూడా తెలుసుకోవాలి. ఫోన్లు కొత్తకాలం ఇళ్లు. వాటిలో మొదటినుంచీ ఒక్కో యాప్‌కు ఒక్కో గది కట్టి, తలుపు వేసి పెట్టారు. ఒక గదిలోది మరో గదిలోకి రావాలంటే తలుపు తట్టాల్సిందే. ఆండ్రాయిడ్ ఫోన్లలో ముందు యాప్ ఎక్కించుకునేటప్పుడే అన్ని అనుమతులూ మూటగట్టి అడిగేవాళ్లు. 2015లో వచ్చిన ఆరో ఆండ్రాయిడ్ నుంచి అవసరం వచ్చినప్పుడు ఒక్కొక్కటీ విడిగా అడగడం మొదలైంది. 2021లో వచ్చిన పన్నెండో ఆండ్రాయిడ్‌లో కెమెరా, మైకు వాడుతుంటే తెర మూలన ఆకుపచ్చ గుర్తు వెలగడం, ఏ యాప్ ఎప్పుడు ఏం వాడిందో చూపే ‘ప్రైవసీ డ్యాష్‌బోర్డు’ వచ్చాయి.

కంప్యూటర్ అలా కాదు, అది పాతకాలపు ఉమ్మడి ఇల్లు. విండోస్‌లో ఏళ్ల తరబడి తయారైన ప్రోగ్రాములు మనం ఒకసారి లోపలికి రానిస్తే ఇంటి మనిషిలా తిరుగుతాయి. మనకున్న అధికారాలన్నీ వాటికీ ఉంటాయి. మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి వచ్చే కొత్తరకం యాప్‌లకు మాత్రం గుర్తింపు కార్డులాంటిది ఉంటుంది. దాని ఆధారంగా విండోస్ వాటిని విడివిడిగా పట్టుకోగలదు. పాతరకం వాటికి ఆ గుర్తింపు లేదు కాబట్టే విండోస్ 10లో, 11లో వాటన్నిటినీ కలిపి ‘డెస్క్‌టాప్ యాప్‌లు’ అని ఒకే మూట కట్టారు.

ఇంకో తిరకాసు బ్రౌజర్‌ది. పాఠమో, డాక్టరు సలహానో క్రోమ్‌లో తెరిచామనుకోండి. కంప్యూటర్ సెట్టింగ్స్‌లో కనబడేది క్రోమ్ పేరే. దాని వెనక కెమెరా వాడింది ఏ వెబ్‌సైటో అక్కడ ఉండదు, అది తెలియాలంటే క్రోమ్ సొంత సెట్టింగ్స్‌లోకి వెళ్లాలి. వీధి తలుపు దగ్గర ఒక పట్టీ, నట్టింటి తలుపు దగ్గర ఇంకో పట్టీ అన్నమాట. ఖరీదైన ఆపిల్ కంప్యూటర్లకూ ఈ జబ్బు తప్పలేదు. 2022లో వచ్చిన వాటి ‘వెంచురా’లో, మనకు తెలియకుండా వెనక పనిచేసే వాటి పట్టీలో కొన్నిటికి యాప్ పేరు బదులు దాన్ని తయారుచేసిన మనిషి పేరో, కంపెనీ పేరో వచ్చేది. ఎవరో తెలియని పేరు చూసి వైరస్ అనుకుని కంగారుపడినవాళ్లు ఎందరో.

పేరు ఉన్నంతమాత్రాన...

సరే, పేరు కనబడింది. అది నిజమైన పేరని ఏమిటి? ఆండ్రాయిడ్‌లో యాప్ మీద కనబడే పేరూ, బొమ్మా తయారుచేసినవాడు ఏది పెడితే అది. స్టోర్‌లో ఒక పేరుండి, ఫోనులోకి వచ్చాక ఇంకో పేరుతో కూర్చోవచ్చు. అందుకే మోసగాళ్లు ఆ దారి పట్టారు. పెళ్లిపత్రిక అని, ఆర్టీవో చలానా అని, పీఎం కిసాన్ డబ్బులని వాట్సాప్‌లో ‘ఏపీకే’ ఫైళ్లు పంపిస్తున్నారు. నొక్కి ఎక్కించుకుంటే అది ఎస్సెమ్మెస్‌లు చూడటానికి అనుమతి అడుగుతుంది. పేరు పీఎం కిసాన్ కదా, సర్కారుదేమోనని ఇస్తాం. ఇక బ్యాంకు నుంచి వచ్చే ఓటీపీలన్నీ వాడి చేతికే. వర్షాధారం మీద బతికే మా మెట్ట ప్రాంతంలో రైతు ఖాతాలో పడే ఆ రెండు వేల కోసం ఎదురుచూసే ఇళ్లెన్నో! ఆ పేరు చూస్తే చెయ్యి ఆగుతుందా?

కాబట్టి నేనడిగేది పేరొక్కటే కాదు, పేరూ ఊరూ రెండూ. మన వంటింట్లోకి వచ్చే కారప్పొడి ప్యాకెట్ తిప్పి చూడండి. తయారుచేసినవాడి పేరు, చిరునామా, తేదీ, ఫిర్యాదు చెయ్యాల్సిన నంబరు ఉంటాయి. ప్యాకెట్లలో అమ్మే సరుకుకు అవి ఉండాలని మన తూనికలు, కొలతల చట్టం కింద 2011 నుంచి అమల్లో ఉన్న నియమాలు చెబుతున్నాయి. పది రూపాయల కారానికి ఉన్న కట్టుబాటు, పడకగదిలో కెమెరా అడిగే యాప్‌కు ఉండొద్దా?

చట్టం ‘ఆమె’ అంది

చట్టం ఏమంటుందో కూడా చూద్దాం. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఒక్కమాటగా చెప్పారు. జస్టిస్ పుట్టస్వామి అనే విశ్రాంత న్యాయమూర్తి వేసిన కేసు అది. ఆ తర్వాత ఆరేళ్లకు, 2023 ఆగస్టులో, డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. ఈ చట్టంలో ఆడవాళ్లం గమనించాల్సిన చిత్రం ఒకటుంది. మామూలుగా చట్టాల్లో మనిషి అంటే ‘అతడు’. ఈ చట్టంలో మాత్రం మొదటినుంచి చివరిదాకా ‘ఆమె’ అనే రాశారు. అందులో మగవాళ్లూ వస్తారని అర్థం చెప్పుకోవాలి. ఇన్నాళ్లూ ‘అతడు’లో మనల్ని కలుపుకున్నట్టే!

ఆ చట్టం ప్రకారం సమ్మతి అంటే బలవంతం లేకుండా, ఫలానా పనికని, సంగతి తెలిసి ఇచ్చింది అయ్యుండాలి. ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకునే వీలూ ఉండాలి. ఏ సమాచారం ఎందుకు తీసుకుంటున్నారో ముందే నోటీసు ఇవ్వాలి, దాన్ని రాజ్యాంగం గుర్తించిన 22 భాషల్లో మనకు కావాల్సిన భాషలో చూసుకునే వీలుండాలి. అంటే తెలుగులో అడగండి అనడం మన గొంతెమ్మ కోరికేమీ కాదు. చట్టంలో ఇచ్చిన ఉదాహరణ కూడా బాగుంది. ఒకామె వైద్య సలహా యాప్ పెట్టుకుంది. అది నంబర్ల పట్టీ కూడా అడిగితే ఆమె సరేనంది. అయినా సరే, వైద్యానికి ఆ పట్టీ అవసరం లేదు కాబట్టి ఆ సమ్మతి చెల్లదు అంటుంది చట్టం. తప్పు చేస్తే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు.

దీని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు పెట్టారు. చట్టం మంచిదే. అయితే అది మాట్లాడేది మన సమాచారాన్ని తీసుకునే సంస్థల గురించి. వాటన్నిటినీ మనకు చూపించే సెట్టింగ్స్ పేజీలో పేర్లు ఎలా ఉండాలో చెప్పలేదు. సమ్మతి వెనక్కి తీసుకునే హక్కు కాగితం మీద ఉన్నా, ఎవరి దగ్గర నుంచి తీసుకోవాలో పేజీ చెప్పకపోతే ఆ హక్కు చేతికి అందదు.

‘ఇన్ని వివరాలు పెడితే జనానికి ఇంకా గందరగోళం. చదవకుండానే నొక్కేస్తారు’ అని కొందరంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు. గుక్కతిప్పకుండా ప్రశ్నలు వేస్తే ఎవరికైనా విసుగు పుట్టి సరే అంటారు. అందుకే నేనేమీ చాంతాడంత నోటీసు అడగడం లేదు. నాలుగంటే నాలుగు మాటలు చాలు. యాప్ అసలు పేరు ఏది, అది ఎవరి తాలూకు, ఎందుకు అడుగుతోంది, చివరిసారి ఎప్పుడు వాడుకుంది. వాటి పక్కనే, దాన్నొక్కదాన్నే ఆపే మీట. ఈ నాలుగూ తెలుగులో ఉంటే మిషను కుట్టే ఆవిడ నా దగ్గరికి రావాల్సిన పనే లేదు.

మనం చేయగలిగింది

అది వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోలేం. నెలకొకసారి గ్యాసు బండ బుక్ చేసినట్టే, ఒక పావుగంట దీనికీ పెట్టుకుందాం.

ఫోనులో సెట్టింగ్స్ తెరిచి ప్రైవసీలో పర్మిషన్ల పేజీకి వెళ్లండి. కెమెరా, మైకు, లొకేషన్, కాంటాక్ట్స్, ఎస్సెమ్మెస్... ఈ అయిదూ ఒక్కొక్కటి నొక్కితే ఎవరెవరికి ఇచ్చామో పట్టీ వస్తుంది. ‘ఈ పనికి ఇది అవసరమా?’ అని ఒక్కో పేరునూ అడగండి. ‘శక్తి’కి లొకేషన్ అవసరం, ఉంచండి. కాలిక్యులేటర్‌కు అవసరం లేదు, తీసెయ్యండి. లొకేషన్ లాంటివి ఇచ్చేటప్పుడు ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’, ‘ఈసారికి మాత్రమే’ అన్న వీలుంటే వాటినే ఎంచుకోండి.

తెలియని పేరు కనబడితే ఊహించుకుని భయపడొద్దు, ఊహించుకుని ధైర్యమూ పడొద్దు. ఆండ్రాయిడ్‌లో ఆ యాప్ వివరాల పేజీలో అది ఎక్కడి నుంచి వచ్చిందో రాసి ఉంటుంది. ప్లే స్టోర్ నుంచి కాకుండా వాట్సాప్‌లో వచ్చిన ఫైలు నుంచో, బ్రౌజర్ నుంచో వచ్చిందయితే తీసెయ్యడమే మేలు. అప్పుల యాప్ అయితే ముందు రిజర్వు బ్యాంకు జాబితాలో దాని పేరూ, దాని వెనక ఉన్న కంపెనీ పేరూ చూడండి.

విండోస్ కంప్యూటర్‌లో కెమెరా పేజీ, మైకు పేజీ తెరిచి కింద ‘చివరిసారి వాడినది’ అన్న చోట తేదీలు చూడండి. అర్ధరాత్రి రెండింటికి కెమెరా వాడినట్టుంటే ఎవరు, ఎందుకు అని అడగాల్సిందే. పరీక్షకో, ఇంటర్వ్యూకో కాలేజీలు, కంపెనీలు ఎక్కించమన్నవి పని అయిపోగానే తీసేయించండి. ‘మీ సాఫ్ట్‌వేర్ ఏ పేరుతో కనబడుతుంది, ఎప్పుడు తీసెయ్యాలి’ అని ముందే రాసిమ్మనండి. వాళ్లకు అడగడానికి హక్కుంటే మనకూ ఉంది. క్రోమ్‌లో అయితే వెబ్‌సైట్ చిరునామాకు ఎడమపక్క ఉన్న చిన్న గుర్తు నొక్కితే ఆ సైటుకు ఏమేం ఇచ్చామో తెలుస్తుంది. పని అయ్యాక అక్కడే ఆపెయ్యొచ్చు.

ఎవరైనా బెదిరిస్తే, డబ్బు పోతే 1930కి ఫోన్ చెయ్యండి. ఆలస్యం చెయ్యొద్దు. ఫోన్ చేసే ముందు ఆ యాప్ పేరు, అది అడిగిన అనుమతుల పేజీ ఫొటో తీసి పెట్టుకోండి. అదే మన సాక్ష్యం. ఫొటోలు మార్చి బెదిరించినప్పుడు తప్పు వాడిది, మనది కాదు. ఇంట్లో పెద్దవాళ్లు ముందు ఆ మాట ఆడపిల్లకు చెప్పాలి, ఫోన్ లాక్కోవడం కాదు.

ఇవన్నీ మనం చేస్తాం. ఇల్లు తుడుచుకోవడం మనకు అలవాటే. కానీ పేర్లు లేని పట్టీ ఇచ్చి ‘చూసుకోలేదు, తప్పు నీదే’ అంటే ఒప్పుకోవద్దు. డ్వాక్రా సంఘం సమావేశంలోనో, కాలేజీలో తల్లిదండ్రుల సమావేశంలోనో ఈసారి ఈ మాట ఎత్తండి. మా పిల్లల కంప్యూటర్‌లో మీరు పెట్టించినవి ఏవి, వాటి పేర్లేమిటి అని కాగితం మీద అడగండి. ఒక్కరు అడిగితే నవ్వుతారు. పదిమంది అడిగితే పట్టీ రాసి ఇస్తారు.